నలుగురి జమానతు

ఊళ్లో రోజులెట్లా ఉన్నాయని అడిగితే కొండవ్వ పేపరు తిరగెయ్యదు, టీవీ పెట్టదు. పిండిగిర్ని ముందు వరుసలో పెట్టిన డబ్బాల వైపు చూస్తుంది. పసుపు కొమ్ములు, ఎండుమిరపకాయలు సంచులకొద్దీ వస్తున్నాయంటే జనం చేతిలో నాలుగు రాళ్లు ఆడుతున్నట్టు. శనగపప్పు తగ్గి జొన్నలు పెరిగాయంటే ఎక్కడో ఏదో బిగుసుకుంటున్నట్టు. రేషను బియ్యం పట్టించుకుపోయేవాళ్లు ఎక్కువయ్యారంటే ఇక చెప్పనక్కర్లేదు. "మొగోళ్లు బజాట్ల ఏమన్న జెప్పనీ, ఆడోళ్ల డబ్బా అబద్ధం జెప్పది" అంటుంది. ఇంత తెలిసిన మనిషి ఏం బాగుపడింది అంటారా? ఏమీ బాగుపడలేదు. అందరూ మునిగిన నీళ్లలోనే ఆమె కూడా మునిగింది.

కొండవ్వ పుట్టిల్లు మద్దూరు, అత్తగారిల్లు సిద్దిపేట. అత్తగారింట్లో మగ్గం ఉండేది గానీ మగ్గం మీద తిండి ఉండేది కాదు. అందుకని భర్త రాజమల్లయ్య బొంబాయి దగ్గరి భీవండి వెళ్లి పవర్‌లూముల మీద పనిచేశాడు. అక్కడ కార్ఖానాలు ఒకదాని వెనక ఒకటి మూతపడుతున్న రోజుల్లో సేటు చేతులెత్తేసి, ఇవ్వాల్సిన జీతం కింద ఒక పాత మోటారు ఇచ్చి పంపాడు. జీతం అడిగిన వాడికి మోటారు ఇస్తే ఏం చేసుకుంటాడు? రాజమల్లయ్య దాన్ని గోనెసంచిలో కుట్టి, రైల్లో బియ్యం బస్తా అని బొంకి, ఇంటికి తెచ్చి గిర్ని పెట్టాడు. ఆ మోటారు కన్నకొడుకు కంటే నయమనిపించుకుంది. ఒక్కగానొక్క కూతురు శ్రీవాణి దాని చప్పుడులోనే పెరిగింది, చదివింది, పెళ్లి చేసుకుని పోయింది.

భీవండి నుంచి రాజమల్లయ్య తెచ్చుకున్నది మోటారొక్కటే కాదు, ఒక భయం కూడా. అక్కడ సేట్లు ఒకరి అప్పుకు ఒకరు జమానతు, అంటే పూచీ, ఉండేవాళ్లు. ఒక సేటు కూలితే అతని వెనక నిలబడ్డ వాడు కూలేవాడు, వాడి వెనక ఇంకొకడు. ఆ వీధంతా ఆయన కళ్లముందే ఖాళీ అయింది. అందుకే "అప్పులేని గంజి దొప్పెడు చాలు" అని ఊరికే సామెత చెప్పి ఊరుకోలేదు, ఎవరికీ జమానతు సంతకం పెట్టొద్దని పెళ్లాం చేత దేవుడి పటం ముందు ఒట్టు వేయించుకున్నాడు. ఆయన బతికున్నంతకాలం ఆ ఒట్టు నిలిచింది.

ఆయన పోయిన మరుసటి ఏడే నోట్ల బందు వచ్చింది. బ్యాంకుల ముందు చెప్పులు వరుసలో పెట్టి జనం చెట్ల నీడన కూర్చున్న రోజులవి. గిర్నికి డబ్బాలు వస్తున్నాయి, పిండి పట్టిన కూలి ఇవ్వడానికి జనం చేతిలో చిల్లర లేదు. కొండవ్వ ఒక ఉపాయం చేసింది. పైసలు లేనివాళ్ల దగ్గర పట్టిన పిండిలోంచే ఒక దోసెడు తీసుకునేది. సాయంత్రానికి ఒక గంగాళం పిండి అయ్యేది. అందులో కొంత ఎదురుగా ఉన్న హోటలుకు పోసేది. హోటలాయన ఆమెకు చాయ్, మిర్చీబజ్జీలు ఇచ్చేవాడు, ఆ మిర్చీలలో సగం కూరగాయల కొమురవ్వకు పోయేవి, కొమురవ్వ వంకాయలు ఇచ్చేది. అట్లా ఆ గల్లీ కొన్నాళ్లు పిండి మీద నడిచింది. మళ్లీ నోట్లు వచ్చాక ఎవరు ఎవరికి ఎంతివ్వాలో అందరూ మరిచిపోయారు. మరిచిపోనివాళ్లు కూడా మరిచిపోయినట్టే ఉన్నారు.

తర్వాత లాక్‌డౌన్. అది అంత తేలిగ్గా పోలేదు. కొమురవెల్లి మల్లన్న జాతరలో చల్లే బండారి కోసం పట్టి ఉంచిన పసుపు బస్తాలు అట్లాగే ఉండిపోయి రంగు మారాయి. భీవండి పోయినవాళ్లు కాళ్లు బొబ్బలెక్కి నడిచొచ్చారు. గల్లీలో మనుషులు కూడా పోయారు. అయినా పసుపు అరువిచ్చిన షావుకారు దుబ్బయ్య ఫోన్ చేసి, "మల్లన్న గుడి తలుపు తెరిసినంక ఇద్దువు తీయమ్మా, నా మీద ఎవలు గూసున్నరని" అన్నాడు. నా మీద ఎవరు కూర్చున్నారని అన్న ఆ మాటలో ఎంత బలముందో కొండవ్వకు అప్పుడు తెలియలేదు. షావుకారు మంచివాడనుకుంది, అంతే. మంచివాడే గానీ, వెనక నుంచి అతన్ని తరిమేవాడు లేడు కాబట్టి మంచివాడిగా ఉండగలిగాడు.

ఇక అసలు సంగతి. సిద్దిపేట జిల్లా అయిన దగ్గర్నుంచీ చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చాయి. మేకలు కూడా మొహం తిప్పుకునే రాళ్ల పొలానికి ఎవరో ఒకరు నగర్ అని బోర్డు పెట్టారు. ఇల్లు కట్టాలని కొన్నవాళ్లు కొందరే. మిగతావాళ్లది బయానా బేరం. రైతుకు కొంత బయానా, అదే అడ్వాన్సు, ఇచ్చి, మిగతాది ఇన్నాళ్లలో ఇస్తానని అగ్రిమెంటు రాసుకోవాలి. ఆ గడువు రాకముందే ఆ అగ్రిమెంటు కాగితాన్నే ఇంకొకరికి ఎక్కువ ధరకు అమ్మాలి. కొన్నవాడు ఇంకొకరికి అమ్మాలి. భూమి అక్కడే ఉంటుంది, రైతు అక్కడే దున్నుతుంటాడు, కాగితం మాత్రం సిద్దిపేట అంతా తిరుగుతుంటుంది. చివర ఒక్కడు ఉంటాడని, వాడు పూర్తి డబ్బు కట్టి భూమి తీసుకుంటాడని అందరి నమ్మకం. వాణ్ణి చూసినవాడు మాత్రం లేడు.

కరోనా సద్దుమణిగాక కొండవ్వ తమ్ముడు నర్సయ్య ఆటో అమ్మేసి తెల్ల చొక్కా వేశాడు. ఎదురింటి టైలరు నరహరి కత్తెర పక్కన పెట్టి అగ్రిమెంట్లు పట్టుకున్నాడు. అల్లుడు ఓంప్రకాశ్‌కు మొబైల్ షాపు ఉంది. దాన్ని పనివాడికి అప్పజెప్పి మామల వెంట తిరగడం మొదలుపెట్టాడు. ముగ్గురూ అప్పు తెచ్చారు. ముగ్గురూ ఒకే రోడ్డు పక్క భూముల మీద పెట్టారు. ఒకరు పెట్టిన చోటే ఇంకొకరు పెడితే ధైర్యంగా ఉంటుందట!

అప్పు కావాలంటే ఫైనాన్సువాడికి జమానతు కావాలి. దసరా పండక్కి వచ్చిన ఓంప్రకాశ్ విస్తరి ముందు కూర్చుని అన్నం కలపలేదు. మటన్ చల్లారిపోతోంది, శ్రీవాణి నేల చూపులు చూస్తోంది. కారణం అడిగితే చెప్పడు. చెప్పించాక తెలిసింది, గిర్ని కాగితాలు పెట్టి అత్త జమానతు ఉండాలి. అలిగిన అల్లుడి ముందు ఏ అత్త నిలబడగలిగింది గనుక! కొండవ్వ గోడమీద రాజమల్లయ్య పటం వైపు చూడకుండా వెళ్లి సంతకం పెట్టింది. ఒక ఒట్టు తప్పాక రెండోది సులువు. పసుపు, కారం పట్టే కొత్త మిషను కోసం తనూ అప్పు తీసుకుంది. ఆమెకు తమ్ముడు నర్సయ్య జమానతు ఉన్నాడు. నర్సయ్యకు నరహరి ఉన్నాడు. నరహరికి ఓంప్రకాశ్ ఉన్నాడు. ఎవరికి వాళ్లు తమ వీపుకు ఒక గోడ ఉందనుకున్నారు.

ఆ తర్వాత రెండేళ్లూ గిర్ని ముందు డబ్బాల వరుస రోడ్డు దాకా ఉండేది. పసుపు, కారం, మసాలా దినుసులు, పండగ లేకున్నా అరిసెల పిండి. కొండవ్వకు సంతోషమే. డబ్బా అబద్ధం చెప్పదు కదా. అబద్ధం చెప్పని మాట నిజమే గానీ, ఆ పైసలు ఎవరివో కూడా చెప్పదు.

తర్వాత ఒకరోజు అగ్రిమెంటు కొనేవాడు రాలేదు. ఎందుకు రాలేదో ఎవరికీ తెలియదు. వానలు బాగానే పడ్డాయి, వడ్లు బాగానే పండాయి, రోగం లేదు, నోట్లు రద్దు కాలేదు, బజార్లో లైట్లు ఎప్పటిలాగే వెలిగాయి. చివర ఉన్నవాడు గడువుకు డబ్బు కట్టలేకపోయాడు, అతని ముందువాడు కూడా కట్టలేకపోయాడు. నిన్నటిదాకా "అన్నా, ఏం తొందర" అనుకున్నవాళ్లు తెల్లారేసరికి ఒకరి గుమ్మంలో ఒకరు కూర్చున్నారు. ఓంప్రకాశ్ కిస్తీలు కట్టడం లేదని, కడతావా గిర్ని వదులుతావా అని కొండవ్వకు ఫైనాన్సు నోటీసు వచ్చింది.

ఆమె మోటారు ఆపి, గిర్నికి తాళం వేసి, ముందు తమ్ముడి దగ్గరకు పోయింది.

"తమ్మీ, గిర్ని పోయేటట్టున్నది. నాకు దిక్కు నువ్వే. ఏమన్న సూడు."

నర్సయ్య మంచంలో లేచి కూర్చోలేదు కూడా. "నాకే వచ్చింది అక్కా నోటీసు. నాకు నరహరి ఉన్నడు. వాడు సూస్తనన్నడు. వాడు కడితే నేను నీకు ఆసరైత."

నరహరి ఇంటికి పోయింది. అతను కుట్టుమిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. "నర్సిగానికి నేనున్న మాట నిజమే వదినే. కాదంటలేను. గని నాకే కష్టమున్నది. నాకు మీ అల్లుడు ఉన్నడు. ఆయన జర తేలితే అందరం తేలుతం."

ఎండలో నడిచి అల్లుడి ఇంటికి పోయింది. శ్రీవాణి ఇచ్చిన నీళ్లు తాగకుండానే అడిగింది. "బిడ్డా, నీకు ఎవలున్నరు?"

ఓంప్రకాశ్ ఆశ్చర్యంగా చూశాడు. "అదేంది అత్తమ్మా! నాకు మీరున్నరు గదా."

కొండవ్వ గడపలో కూలబడింది. ముందు నవ్వు వచ్చింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. ఊరంతా తిరిగి తన గుమ్మం దగ్గరికే వచ్చి చెయ్యి చాచినట్టయింది. నాలుగు గోడలు అనుకున్నవి ఒకదానికొకటి ఆనుకున్న నాలుగు తడికలు. శ్రీవాణి పక్కన కూర్చుని తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

ఆ ఆదివారం పొద్దున్నే ముగ్గురు మగవాళ్లూ కొండవ్వ వాకిట్లోకి వచ్చారు. ముఖాల్లో కొంచెం వెలుగుంది. ఫైనాన్సువాడు దారి చూపించాడట. పాత అప్పులన్నీ కలిపి ఒకే పెద్ద అప్పు రాస్తాడు. నలుగురూ నలుగురికీ జమానతు. సంవత్సరం దాకా ఎవరినీ అడగడు. అప్పటికి భూముల ధర మళ్లీ లేస్తుంది.

"నీ గిర్ని నీకుంటది వదినే" అన్నాడు నరహరి. "సంతకం ఒక్కటే."

కొండవ్వ కాగితాన్ని ముట్టుకోలేదు. గిర్ని అంటే ఆమెకు అన్నం. అంతకంటే ఎక్కువ, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నిలబడే జాగ. సంతకం పెడితే అది ఉంటుంది, తమ్ముడి మాట దక్కుతుంది, కూతురి కాపురంలో మాట రాదు. పెట్టకపోతే అన్నీ ఈ వారంలోనే పోతాయి. పెట్టాలనే ఉంది. చేతివేళ్లు పెన్ను కోసం కదిలాయి కూడా. అప్పుడే ఎందుకో షావుకారు దుబ్బయ్య మాట గుర్తుకొచ్చింది. నా మీద ఎవలు గూసున్నరని.

"మద్దూర్ల మా చిన్నప్పుడు వాగు దాటేది యాదికున్నదా తమ్మీ?" అంది. "వాగొచ్చినప్పుడు అందరం చేతులు పట్టుకొని దిగుతుంటిమి. గని బాపు ఒక్కన్ని దిగనియ్యకపోతుండె. ఒకడు తాడు పట్టుకొని గట్టు మీదనే ఉండాలె, అందరు దాటినంకనే వాడు దిగాలె అంటుండె."

"గిప్పుడు గా ముచ్చట ఎందుకక్కా?" విసుక్కున్నాడు నర్సయ్య.

"ఎందుకంటే జెప్త. నోట్ల బందుల మీరందరు నీళ్లల్ల ఉన్నరు, నేను గట్టు మీద ఉన్న. నాకు అప్పు లేకుండె, దోసెడు పిండి తీస్కొని ఊకున్న. కరోనల నేను నీళ్లల్ల పడ్డ, దుబ్బయ్య సేటు గట్టు మీద ఉన్నడు. గిప్పుడు సూడు, గట్టు మీద ఎవలున్నరు? ఒకని చెయ్యి ఒకడు పట్టుకొని అందరం మధ్యల్నే ఉన్నం. వాన తక్కువైందా, రోగమొచ్చిందా? ఏం లేదు. గంతకంటె పెద్ద గండాలు దాటినం. గీ చిన్నదానికి మునుగుతున్నమంటే, గట్టుమీద ఎవలు లేకనే. మల్ల సంతకం పెడితె ఇంకింత గట్టిగ పట్టుకొని ఇంకింత లోతుకు పోతం."

"మరి ఏం జేద్దామంటరు?" ఓంప్రకాశ్ అడిగాడు.

"ఎవలన్న ఒకలు చెయ్యి ఇడిసి గట్టెక్కాలె. నేనెక్కుత. గిర్ని అమ్ముత. నీ అప్పు తీరుస్త, నా మిషను అప్పు తీరుస్త. ఇంక నేను ఎవలికి లేను, నాకెవలు లేరు."

నర్సయ్యకు ఆఖరి మాట ఒక్కటే వినపడింది. లేచి నిలబడ్డాడు. "నాకెవలు లేరంటివి. సరే. నాకు గూడ అక్క లేదనుకుంట." వాకిలి గేటు ధడాలున వేసి వెళ్లిపోయాడు. కొండవ్వకు గిర్ని పోతుందన్న బాధ కంటే ఆ గేటు చప్పుడే ఎక్కువ బాధ పెట్టింది. చిన్నప్పుడు వాగులో ఆమె చెయ్యి పట్టుకుని దాటింది వాడే.

గిర్నిని కర్ణాకర్ అనే కుర్రవాడు కొన్నాడు. గల్ఫ్ నుంచి కూడబెట్టుకొచ్చిన డబ్బు, బయానాల జోలికి పోకుండా మిగిలిన డబ్బు. బేరంలో గీచి గీచి తగ్గించాడు. ఊరంతా అమ్ముతున్నప్పుడు కొనేవాడి మాటే చెల్లుతుంది. అప్పులు తీరాక కొండవ్వ చేతిలో మిగిలింది తక్కువ. కర్ణాకర్‌కు గిర్ని నడపడం రాదు. రాయి ఎప్పుడు బిగించాలో, మోటారు బెల్టు ఎప్పుడు జారుతుందో తెలియదు. "నువ్వే నడుపు పెద్దమ్మా, జీతమిస్త" అన్నాడు. కొత్త బోర్డు ఎక్కింది. కింద అదే భీవండి మోటారు, పక్కన అదే కొండవ్వ. మొదటిరోజు వచ్చిన పైసలు అలవాటుగా కొంగున ముడేసుకుని, మళ్లీ గుర్తొచ్చి, విప్పి కర్ణాకర్ గల్లాపెట్టెలో వేసింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి రాజమల్లయ్య పటం ముందు కూర్చుని తిట్టించుకున్నట్టు తల వంచుకుంది.

అయితే ముడి ఒక చోట విప్పితే మిగతాది వదులైంది. ఓంప్రకాశ్ మొబైల్ షాపు పోగొట్టుకున్నాడు గానీ ఫైనాన్సువాడి పీడ లేదు కాబట్టి, ఇంకొకరి షాపులో పనికి కుదిరి, తను జమానతు ఉన్న నరహరి అప్పులో నెలకింత కట్టడం మొదలుపెట్టాడు. ఊపిరి తిరిగిన నరహరి మళ్లీ కత్తెర పట్టి, నర్సయ్య కోసం తను కట్టాల్సింది మెల్లగా కడుతున్నాడు. అందరూ చితికిపోయారు, ఎవరూ పూర్తిగా పోలేదు. బయానాలన్నీ రైతు దగ్గరే మిగిలాయి. ఆ నగర్ బోర్డు కింద ఇప్పటికీ మక్కజొన్నే పండుతోంది.

నర్సయ్య మాత్రం అక్క గుమ్మం తొక్కలేదు. బతుకమ్మకు చీర పంపలేదు. కిరాయి ఆటో నడుపుతున్నాడని శ్రీవాణి చెప్పింది. అది విన్నాక కొండవ్వ గిర్ని ముందు నుంచి ఆటో ఏది పోయినా తలెత్తి చూసేది.

ఈ మధ్య డబ్బాలు మళ్లీ మామూలయ్యాయి. జొన్నలు, రాగులు, అక్కడక్కడా కొంచెం పసుపు. చిల్లర లేనివాళ్లు వస్తే కొండవ్వ ఇప్పుడు పిండి తీసుకోదు, గిర్ని తనది కాదు. తన కొంగులోంచి రెండు నాణేలు తీసి గల్లాలో వేసి, "పో పో, మల్ల ఇద్దువు" అంటుంది. ఆమెకు అప్పు లేదు కాబట్టి అది చెల్లుతుంది. కర్ణాకర్ చూసి నవ్వుకుంటాడు.

ఒకరోజు మధ్యాహ్నం వరుసలో చివర ఖాకీ చొక్కా కనిపించింది. చేతిలో జొన్నల డబ్బా. నర్సయ్య తన వంతు వచ్చేదాకా నిలబడి, డబ్బా తూకం మీద పెట్టి పక్కకు తిరిగాడు. కొండవ్వ గింజలు పోసింది, రాయి కొంచెం బిగించింది, వాడికి చిన్నప్పటి నుంచీ రొట్టె మెత్తగా ఉండాలి. పిండి వేడివేడిగా డబ్బాలోకి దిగింది. మూత పెట్టి ముందుకు తోసింది.

అతను జేబులోంచి నోటు తీశాడు. కొండవ్వ చెయ్యి చాచలేదు. "తీస్కపో తమ్మీ" అంది గల్లా వైపు చూస్తూ. వాడి కూలి తన కొంగులోంచి వెయ్యాలని ముడి మీద చెయ్యి కూడా వేసింది.

నర్సయ్య నోటు వెనక్కి తీసుకోలేదు. చెయ్యి అట్లాగే చాపి ఉంచాడు. "తీస్కో అక్కా. గివి నావే. పొద్దటిసంది ఆటో నడిపిన. గిండ్ల ఎవల అప్పు లేదు, ఎవల జమానతు లేదు."

కొండవ్వ కొంగుముడి మీంచి చెయ్యి తీసేసింది. నోటు తీసుకుంది. గల్లా తెరిచి, ఒక్క పైసా తగ్గించకుండా పిండి పట్టిన కూలి తీసుకుని, మిగతా చిల్లర వాడి అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.